తలకిందుల కుప్ప

మధ్యాహ్నం ఒంటిగంటా పది. అడిలైడ్ విమానం నాలుగింటికి. ఈ మధ్యలో ఉన్న రెండు గంటలా యాభై నిమిషాల్లో టోనో మాట్కోవిచ్ ఒక ముసలాణ్ణి జైలుకి పోకుండా ఆపాలి, ఒక ఇన్‌స్పెక్టర్ చేత తప్పు ఒప్పించాలి, వీలైతే భోంచెయ్యాలి. మూడోదాని మీద ఆశ వదిలేసుకుని, కోటు జేబులో ఒక ఎండు సాసేజీ, దాన్ని కోసుకునే చాకూ పడేసుకున్నాడు.

టోనో ఆ ఊరి డిటెక్టివ్ సార్జెంటు. ఊరంటే ఊరు కాదు లెండి, ఓపల్ రాళ్ళ కోసం నేల నిండా గోతులు పొడిచి, ఆ గోతుల్లోనే ఇళ్ళు చేసుకుని బతికే జనం. టోనో పుట్టింది కూడా గోతిలోనే. యాభై ఆరేళ్ళొచ్చాయి, నడుం కొలత అంతకంటే నాలుగంగుళాలు ముందుంది.

జైలుకి పోబోతున్న ముసలాడి పేరు ఇమ్రె సాబో. అరవై ఎనిమిదేళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా లెఫ్టెరిస్ కాలోగ్రిస్ అనే గ్రీకు ముసలాడూ, ఇతనూ కలిసి ఒకే క్లెయిము, అంటే తవ్వకానికి రాయించుకున్న చెక్క, తవ్వుకుంటున్నారు. సోమవారం సాయంత్రం నాలుగింటికి క్లబ్బులో ఇద్దరూ తగువులాడుకున్నారు. "నిన్ను నీ గోతిలోనే పూడుస్తా" అని ఇమ్రె నలభైమంది ముందు అన్నాడు. మంగళవారం పొద్దున్న ఆరూ యాభైకి లెఫ్టెరిస్ శవం వాళ్ళ షాఫ్టు అనే నిలువు గోతి అడుగున, డెబ్భై అడుగుల లోతులో దొరికింది. చచ్చిపోయింది సోమవారం సాయంత్రం ఆరూ ఎనిమిదీ మధ్యన అని డాక్టరు చెప్పింది. ఆ టైముకి తను ఇంట్లో సూప్ కాచుకుంటున్నానని ఇమ్రె అన్నాడు. చూసినవాళ్ళెవరూ లేరు.

అడిలైడ్ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఎలియట్ ప్రౌస్‌కి ఇది చాలు. సన్నంగా, నిటారుగా, కొత్త పెన్సిల్లా ఉంటాడు. బూట్లు చూసి తల దువ్వుకోవచ్చు. బెదిరించాడు, సాక్షి లేడు, మనుషుల్ని గోతిలోకి దింపే వించి నడపడం వచ్చు, ఇంకేం కావాలి అని అతని వాదన.

"ఏం సూప్ కాచాడో అడిగారా?" అన్నాడు టోనో, స్టేషన్ గదిలో ఎదురుగా కూర్చున్న ఇమ్రెని చూపిస్తూ.

ప్రౌస్ అడగలేదు.

"బంగాళదుంపలూ, ఎర్ర మిరపపొడీ. మూడ్రోజులకి సరిపడా. చంపడానికి పోయేవాడు మూడ్రోజుల సూప్ కాచుకుంటాడా అయ్యగారూ?"

"అది సాక్ష్యం కాదు, సార్జెంట్."

"కాదు, ఆకలి. మీరు శవం మీద దొరికినవాటి జాబితా రాశారు కదా, అందులో కళ్ళజోడు లేదు. లెఫ్టెరిస్ ఆ జోడు లేకుండా తన కాళ్ళు కూడా కనుక్కోలేడు. ఒక పక్క విరిగితే రాగితీగతో కట్టుకున్నాడు. ఏదీ అది?"

పడినప్పుడు ఎక్కడో ఎగిరి ఉంటుందని ప్రౌస్ అన్నాడు. షాఫ్టు వెడల్పు మూడున్నర అడుగులు, కళ్ళజోడు ఎగరడానికి అక్కడ చోటెక్కడుందని టోనో అడిగాడు. నిందితుణ్ణి బాబాయ్ అని పిలిచే పోలీసు ఈ కేసులో ఉండకూడదు నిజానికి, అని ప్రౌస్ మెల్లగా అన్నాడు. ఆ మాట తగిలింది. తగిలినట్టు కనపడకుండా టోనో నవ్వేసి, ముసలాడి వైపు కుర్చీ జరుపుకున్నాడు.

"బాబాయ్, తగువు దేనికో మళ్ళీ చెప్పు. ఈసారి తిట్లు తీసేసి చెప్పు."

ఇమ్రె టేబిల్ మీదకి వంగాడు. "వాడు నన్ను ఎలక అన్నాడురా, టోనో. ముప్ఫై ఏళ్ళ తర్వాత."

ప్రౌస్‌కి అర్థం కాలేదు, టోనోకి అయింది. పక్కవాడి గోతిలో దూరి రాయి ఎత్తుకుపోయేవాణ్ణి ఈ ఊళ్ళో ఎలక అంటారు. పెళ్ళాన్ని తిట్టినా మర్నాడు కలిసి బీరు తాగుతారు, ఎలక అంటే మాత్రం తాగరు. జరిగిందేమిటంటే, రెండు వారాలుగా లెఫ్టెరిస్‌కి డ్రైవ్‌లో, అంటే కింద అడ్డంగా తవ్విన సొరంగంలో, మంచి రంగు కనపడుతోంది. సాయంత్రం చూసి సుద్దముక్కతో గీత గీసి పైకొస్తాడు. పొద్దున్న దిగేసరికి గీత దగ్గర జానెడు రాయి ఉండదు. దిగాలంటే వించి ఇంజనుకి తాళం కావాలి. తాళాలు రెండే. ఒకటి తన దగ్గర, ఇంకోటి ఇమ్రె దగ్గర. ఇంకెవర్ని అనుమానిస్తాడు మరి?

"చంపడానికి కారణం కూడా దొరికింది" అన్నాడు ప్రౌస్, నోట్‌బుక్కులో రాసుకుంటూ.

టోనో బుర్రలో మాత్రం వేరే లెక్క మొదలైంది. పైనించి దిగినవాడు లేడు. రాయి పోయింది. పైనించి రాకపోతే, పక్కనించి రావాలి.

పక్క క్లెయిము డారిల్ ఫెంచ్‌ది. ముప్ఫై తొమ్మిదేళ్ళు, అందరికీ సాయం చేసే మనిషి, లారీ మీద బిగించిన బ్లోయరు ఉన్నవాడు. బ్లోయరంటే గోతిలో మట్టిని గొట్టంతో పీల్చి పైన కుప్పగా కక్కే యంత్రం. మంగళవారం శవాన్ని పైకి తెచ్చింది కూడా అతనే. ఒంటిగంటన్నరకి వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి స్టేషన్‌కొచ్చాడు, చేతిలో వేడి మీట్‌పై, అంటే మాంసం కూరి కాల్చిన కజ్జికాయ లాంటిది, పట్టుకుని. టోనో ఆ మీట్‌పై వంక చూసిన చూపులో పోలీసుతనం ఏమీ లేదు.

లెఫ్టెరిస్ గురించి చెబుతుంటే డారిల్ కళ్ళు తడి అయ్యాయి. రాయి చూడ్డం, మందు పెట్టి పేల్చడం, అన్నీ తనకి ఆ ముసలాడే నేర్పాడట. టోనో తలూపుతూ విన్నాడు. తర్వాత ఏదో మాటలో మాటగా, నీ గొయ్యి ఎంతవరకొచ్చింది అని అడిగాడు.

"ఎక్కడిదన్నా, డఫర్." డఫర్ అంటే ఏమీ పడని ఉత్త గొయ్యి. "నలభై ఐదు అడుగులు తవ్వి వదిలేశా. జనవరి రెండో వారంలో."

"బ్లోయరు?"

"అప్పుడే ఆపేశా. ఆ తర్వాత బకెట్టు మట్టి కూడా పైకి రాలేదు."

అప్పటికి మార్చి చివరి వారం. టోనో నలభై ఐదు, జనవరి, సున్నా బకెట్లు అని చేతి మీద రాసుకున్నాడు. కాగితాలు పారేసుకుంటాడని వాళ్ళావిడ చేసిన అలవాటు. ఆ తర్వాత ఆవలించి, ఈ ఇన్‌స్పెక్టరు గారిని విమానం ఎక్కించేసి ఐదింటికి అటు వస్తాను, నీ గోతిలో ఒకసారి తల పెట్టి చూసినట్టు ఫారం నింపాలి, అన్నాడు. అలాంటి ఫారం ప్రపంచంలో లేదు. అప్పటికప్పుడు పుట్టించాడు.

"రా అన్నా. బీరు చల్లగా పెట్టి ఉంచుతా" అని డారిల్ నవ్వి లేచాడు.

అతను పోయాక టేబిల్ మీద మీట్‌పై సగం మిగిలి ఉంది. ఇంకా పొగలు వస్తున్నాయి. ఈ ఊళ్ళో మనిషి వేడి మీట్‌పై సగంలో వదిలేసి పోయాడంటే, టోనో లెక్కలో సగం నేరం ఒప్పుకున్నట్టే. ఆ మాట ప్రౌస్‌కి చెబితే ప్రౌస్ గడియారం చూసుకున్నాడు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. వించి ఫొటోలు ఎలాగూ తీసుకోవాలి కాబట్టి ఒక్క గంట క్లెయిము దగ్గరికి పోవచ్చు. ఇమ్రెని కాపలా కాసే మనిషి స్టేషన్లో లేడు కాబట్టి బేడీలతో అతన్నీ జీపెక్కించారు. మిగిలిన మీట్‌పై కూడా జీపెక్కింది, టోనో నోట్లో.

రెండూ ఐదుకి క్లెయిము చేరారు. లెఫ్టెరిస్ షాఫ్టుకీ డారిల్ షాఫ్టుకీ మధ్య అరవై అడుగులుంటుంది. ఆ మధ్యలో లెఫ్టెరిస్ ముప్ఫై ఏళ్ళుగా తవ్విపోసిన తెల్లటి కుప్ప ఇంటెత్తు నిలబడి ఉంది. ఇటువాళ్ళు అటుకి కనపడరు. జీపు ఇటు పక్కనే ఆపాడు టోనో.

కుప్ప మీద గొడుగేసుకుని ఆంటీ డల్సీ కూర్చుంది. ఆ నేల వాళ్ళ తాతముత్తాతలది. ఒళ్ళో జల్లెడ, పక్కన నీళ్ళు చిమ్మే సీసా. తవ్వినవాళ్ళ కంట పడకుండా కుప్పలో కలిసిపోయిన రాతిముక్కలు ఏరుకోవడం ఆవిడ పని. ఊళ్ళో ఏ కుప్ప ఎవరిదో, ఏ ఏడాదిదో ఆవిడకి తెలిసినట్టు కంపెనీ పటాలకి కూడా తెలీదు.

"ఒరే లావోడా, ఆ ముసలాణ్ణి గొలుసుతో కట్టావేంట్రా, కరుస్తాడా?" అంది.

"నేను కాదు ఆంటీ, ఈయన. పట్నం నుంచొచ్చారు."

ఆవిడ ప్రౌస్ బూట్లు ఎగాదిగా చూసింది. ఆ చూపు ప్రౌస్‌కి బాగానే గుచ్చుకుంది. టోనో సాసేజీలో సగం కోసి ఆవిడకిచ్చి, డారిల్ కుప్పలో ఏమైనా దొరుకుతోందా అని అడిగాడు. దాని జోలికి పోనంది. ఎందుకని అడిగితే నములుతూ చెప్పింది.

"తలకిందులుగా ఉందిరా అది. ఆ కుర్రాడు కుప్పని తిరగేసి పోశాడు."

టోనో నోట్లో సాసేజీ అలాగే ఆగింది. మూడ్రోజులుగా ఆ కుప్ప పక్కనించి ఆరుసార్లు నడిచాడు. గోతిలో పుట్టి, గోతిలో పెరిగి, ఈ సంగతి తన కంట పడలేదు. తననే ఒక తిట్టు తిట్టుకుని, ప్రౌస్‌ని చెయ్యి పట్టుకుని తెల్ల కుప్ప చుట్టూ తిప్పి అటుపక్కకి తీసుకెళ్ళాడు. డారిల్ లారీ అక్కడే ఉంది. మనిషి మాత్రం కనపళ్ళేదు. షాఫ్టులోకి మనిషి దిగే చెయిన్ వేలాడుతోంది, అంటే కిందే ఉన్నాడు.

టోనో గొంతు తగ్గించాడు. "అయ్యగారూ, చిన్నపిల్లల లెక్క. మీరు ఇక్కడ గొయ్యి తవ్వితే మొదట ఏ మట్టి వస్తుంది?"

ప్రౌస్ కిందకి చూశాడు. బూట్లు ఎర్రగా అయిపోయాయి. "ఎర్రమట్టి."

"తర్వాత?"

"మీరంతా తెల్లరాయి అంటారే, అది."

"మొదట వచ్చిన ఎర్రమట్టి కుప్పలో ఎక్కడుండాలి?"

మనిషికి బడాయి ఉంది గానీ బుర్ర లేకపోలేదు. డారిల్ కుప్ప వంక ఒక నిమిషం చూశాడు. అది పై నుంచి కింద దాకా ఎర్రగా ఉంది. "అడుగున ఉండాలి" అన్నాడు నెమ్మదిగా. "ఇక్కడ పైనుంది."

కుప్ప అంటే గొయ్యే, తిరగేసి పెట్టిన గొయ్యి. అన్నిటికంటే లోతులోంచి వచ్చింది అన్నిటికంటే పైనుంటుంది. పైన ఎర్రమట్టి ఉన్న కుప్ప ఈ ఫీల్డులో పుట్టదు, ఎవరో పారతో కప్పితే తప్ప. టోనో వంగి, అంటే వంగగలిగినంత వంగి, చాకుతో జానెడు గీరాడు. కింద తెల్లరాయి పొడి. ఇంకా చెమ్మగా ఉంది. అందులోంచి గోరంత బూడిదరంగు గాజుముక్క లాంటిది తీశాడు. దాన్ని పాచ్ అంటారు. ఓపల్‌కి తోబుట్టువే, రంగు పుట్టనిది, పైసాకి కొనరు. కానీ అది ఓపల్ ఉన్న పొరలోనే ఉంటుంది. ఇక్కడ ఆ పొర డెబ్భై అడుగుల దగ్గర. టోనో తన చెయ్యి చూపించాడు. నలభై ఐదు. జనవరి. సున్నా బకెట్లు.

ప్రౌస్ ఊరికే ఒప్పుకునే రకం కాదు. ఎర్రదుమ్ము గాలికి వచ్చి ఉండొచ్చన్నాడు. శనగగింజంత రాళ్ళని మోసే గాలి వస్తే మన టోపీలు ఇక్కడుండవని టోనో అన్నాడు. సరే, దొంగతనమే అనుకుందాం, దొంగ అయినంత మాత్రాన హంతకుడు అవ్వాలని లేదన్నాడు ప్రౌస్. అది న్యాయమైన మాటే.

"అందుకే దిగుదాం. వాడి గోతిలోంచి కాదు, మనవాడి గోతిలోంచి."

వించి తిప్పాలంటే చెయ్యి తిరిగిన మనిషి కావాలి. అక్కడున్నది ఒక్కడే. బేడీలు విప్పడానికి ప్రౌస్‌కి రెండు నిమిషాలు పట్టింది, తాళంచెవి వల్ల కాదు. ఇమ్రె గుర్తులు చెప్పాడు, ఒకసారి తాడు లాగితే ఉన్నావా అని, మూడుసార్లు లాగితే పైకి లాగు అని. దిగడానికి ఉన్న కుర్చీ అంటే తాడుకి కట్టిన పలకే. నడుముకి ఏదున్నా గోడకి తగులుకుంటుందని చెబితే ప్రౌస్ పిస్తోలు జీపులో పెట్టి తాళం వేశాడు.

"బూట్లు బాగున్నాయి" అన్నాడు ఇమ్రె, అతన్ని కుర్చీలో కట్టి. "తాడు తెగితే నేను ఉంచుకుంటా."

రెండూ నలభైకి ఇద్దరూ అడుగున ఉన్నారు. డ్రైవ్ ఇరవై అడుగులు. చివర్న లెఫ్టెరిస్ సుద్దగీతలు, పక్కన తారీకులు. టోనో దీపం గోడకి దగ్గరగా పెట్టి, మెల్లగా నడుస్తూ పికాసు గాట్లు చూశాడు. లెఫ్టెరిస్ ఎడమచేతివాటం మనిషి. గాట్లన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. ఒకచోట, మోకాలి ఎత్తులో, రోడ్డు పక్కన పాతే పేరు పలక అంత మేర, అసలు గాట్లే లేవు. నున్నగా మెత్తినట్టుంది. చాకు పిడితో అక్కడా ఇక్కడా కొట్టాడు. గోడంతా బండ చప్పుడు. ఆ పలక మాత్రం ఖాళీ డబ్బాలా పలికింది.

ఇద్దరూ కలిసి పెకలించారు. తెల్లపొడి తడిపి, రాళ్ళు పేర్చి, మెత్తిన గోడ. అవతల చీకటి, చల్లగాలి. గాలితో పాటు ఒక వాసన వచ్చింది. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే వాసన. కానీ పుల్ల ఆరితే వాసన పోవాలి. ఇది పోవడం లేదు.

టోనో కంతలోంచి చూశాడు. అవతల డారిల్ డ్రైవ్. పన్నెండడుగుల దూరంలో గోడకి బెజ్జాలు, వాటిలో మందు కూరి ఉంది. అన్నిటినీ కలిపి ఒక్క వత్తి నేల మీదకి దిగింది. దాని కొసన ఎర్రటి చుక్క, చిటచిటమంటూ పాకుతోంది. వత్తి ఇంకా మూడడుగులుంది. అడుగుకి నలభై సెకన్లు.

"అయ్యగారూ," అన్నాడు, పెళ్ళిలో కూర పక్కకి జరపమన్నట్టు, "మనకి రెండు నిమిషాలుంది. తాడు దగ్గరికి పోయి ఇద్దరం పైకెక్కడానికి ఆరు కావాలి. ఈ కంతలో నేను పట్టను. మీరు పడతారు. ఈ చాకు తీసుకోండి. తొక్కకండి, ఊదకండి, అది ఆరదు. నిప్పుకీ మందుకీ మధ్యలో కొయ్యండి."

ప్రౌస్ చాకు అందుకున్నాడు. కంతలో తలదూర్చాడు. నడుం దగ్గర ఇరుక్కుంటే టోనో కాళ్ళు పట్టి తోశాడు. మనిషి అటు పోయాడు, బూట్లు టోనో చేతిలో మిగిలాయి. టోనో లెక్కపెడుతూ కూర్చున్నాడు. డెబ్భై. ఎనభై. వాళ్ళావిడ గుర్తొచ్చింది. తొంభై ఒకటి.

"కోశాను" అని వినపడింది.  ఆ వెంటనే, "మీ చాకుకి మిరియాల వాసనొస్తోంది సార్జెంట్."

"దాన్ని కడగను. రుచి పోతుంది."

ప్రౌస్ టార్చి అటూ ఇటూ తిరిగి ఒక మూల ఆగిపోయింది. అక్కడ రాయి మీద నల్లగా ఎండిన మరక ఉందన్నాడు. దాని కింద పొడిలోంచి ఏదో తీశాడు. కంతలోంచి చెయ్యి చాపి చూపించాడు. కళ్ళజోడు. ఒక పక్క రాగితీగతో కట్టి ఉంది.

అయితే లెఫ్టెరిస్ పడి చావలేదు. ఎలకని పట్టుకుందామని సోమవారం సాయంత్రం దిగి కూర్చున్నాడు. గోడలోంచి వచ్చినవాణ్ణి చూసి, వెనకే ఆ కంతలో పాకి వెళ్ళాడు. తను పని నేర్పిన కుర్రాడి మొహం చూశాడు. ఆ తర్వాత డారిల్ అతన్ని చంపి, తెచ్చి సొంత షాఫ్టు అడుగున పడుకోబెట్టాడు, కళ్ళజోడు తప్ప.

టోనో షాఫ్టు దగ్గరికి వెళ్ళి తాడు ఒకసారి లాగాడు. వెంటనే పైనుంచి ఒక్క లాగు జవాబొచ్చింది. తిరిగొచ్చి ఆ సంగతి చెప్పాడు.

ప్రౌస్ అటుపక్క నుంచి నెమ్మదిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు అన్నాడు. "సాబో మనల్ని దింపినప్పటి నుంచీ ఆ తాడు వదల్లేదు. ఈ వత్తి అంటించి పది నిమిషాలు కూడా అయ్యుండదు." తర్వాత, "నాలుగింటి విమానంలో నాకు ఒక్క సీటు చాలు."

టోనోకి ఏదో ఒక మాట అనాలనిపించింది. అనలేదు. అతని జీవితంలో అలాంటివి మూడో నాలుగో ఉంటాయి.

ఇంక వచ్చెయ్యండి, అని బూట్లు కంత దగ్గర పెట్టాడు. అప్పుడే అటువైపు ఎక్కడో చెయిన్ గలగలమంది.

పెట్టిన మందు పేలకపోతే అరగంట దాకా ఎవడూ దిగడు. ఈ ఫీల్డులో కుర్రాడికి మొదట నేర్పే పాఠం అది. వత్తి కోసి నాలుగు నిమిషాలైంది. కానీ ఐదింటికి పోలీసు వస్తానన్నాడు, ఆ లోపు ఈ సొరంగం కూల్చెయ్యాలి, అరగంట ఆగే తీరిక డారిల్‌కి లేదు. చెయిన్ ఆగింది. రెండు కాళ్ళు నేల తాకాయి. డారిల్ డ్రైవ్ మలుపులో తెల్లటి వెలుగు ఊగుతూ ముందుకొస్తోంది. ప్రౌస్ టార్చి ఆర్పి, చాకు పట్టుకుని, ఉత్త కాళ్ళతో గోడకి అంటుకున్నాడు. కంత అతనికి ఆరడుగుల దూరంలో ఉంది. దూరితే వెలుగులో పడతాడు.

వాడి చూపు తన వైపు తిప్పుకోవడానికి టోనో కంతకి మొహం పెట్టి, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినంత నెమ్మదిగా అన్నాడు.

"అరగంట ఆగాలని లెఫ్టెరిస్ నీకు నేర్పలేదట్రా, డారిల్?"

వెలుగు ఆగింది. తర్వాత ఆరిపోయింది.